మా బాపు చేసేది కుండ, స్టూడియోల చేసేది కళ అంటున్నరు. ఏంది తేడా?

సారె పోరడు (సిద్దిపేట దిక్కు):

నమస్తే అందరికి. జర పొడుగు ప్రశ్న, ఓపికతోని చదువుండ్రి.

మేము కుమ్మరోళ్ళం. మా బాపు ఎండకాలం సల్లనీళ్ళ రంజన్లు, ఆషాఢంల బోనం కుండలు, దీపావళికి దీపంతలు చేస్తడు. మిగిలిన దినాలు కల్లు లొట్లు, గురుగులు. ఊళ్ళె పెండ్లైతే అయిరేని కుండలు మా ఇంటికాంచే పోవాలె. వాటికి సున్నం, జాజు (ఎర్రమట్టి రంగు) పెట్టి గీతలు గీసేది మా అమ్మ. నేను హైదరాబాద్‌ల బీఎఫ్‌ఏ చదివిన, శిల్పం. చదువైనంక ఒక పాటరీ స్టూడియోల చేరి ఎనిమిది నెలలైంది. మట్టి పిసుకుడు, కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) నింపుడు, దాని షెల్ఫులు గీకుడు నా పని. ఖాళీ ఉన్నప్పుడు చక్రం మీద కూసోనిస్తరు.

పోయిన నెల బాపు పట్నం వస్తే స్టూడియో చూపెడదామని తోల్కపోయిన. అక్కడ లేత నీలం గ్లేజ్ (గాజు లెక్క మెరిసే పూత) ఉన్న గిన్నె ఒకటి ఉండె, 1,800 రూపాయలు. మా బాపు రంజన్ 200కు అమ్ముతడు, అదిగూడ బేరమాడినంక. బాపు ఆ గిన్నెను చేతులకు తీసుకొని గోటితోని కొట్టి చప్పుడు విన్నడు. తిప్పి అడుగు చూసిండు. "మట్టి మంచిది. కాలుడు గూడ మంచిగ కాలింది. గని అడుగు మందమైంది, ఊకెనే బరువున్నది" అన్నడు. అప్పుడే క్లాసుకు వచ్చిన ఒకామె మమ్ములను చూసి మా మేడంను ఏదో అడిగింది. మేడం "వాళ్ళది ట్రెడిషనల్, మనది స్టూడియో పాటరీ" అని చెప్పింది. తప్పుగ ఏం అనలే. గని ఆ మాట బాపు చెవుల పడ్డది.

జేబీఎస్‌ల బస్సెక్కినంక ప్రజ్ఞాపూర్ దాంక బాపు మాట్లాడలే. అక్కడ చాయ తాగుకుంట అడిగిండు: "స్టూడియో అంటే ఏందిరా?" నాకు జవాబు రాలే. నాలుగేండ్లు ఫైన్ ఆర్ట్స్ చదివిన, ఎనిమిది నెలలు అక్కడ పని చేసిన, నాకు చెప్పరాలే.

అందుకే మిమ్ములను అడుగుతున్న. ఈ స్టూడియో పాటరీ అనేది మన దేశంల ఎట్ల మొదలైంది? కుమ్మరి ఇంట్ల పుట్టినోళ్ళు ఎవరన్న అటు పోయిండ్రా? ఇంకొకటి. మా చెరువు మట్టితోని చేసిన చిన్న గురిగిని 1,220 డిగ్రీలకు కాల్చే కిల్న్‌ల ఒక మూలకు పెట్టిన. తెల్లారి తీస్తె గురిగి లేదు. నల్లటి పాకం లెక్క కరిగి షెల్ఫుకు అతుక్కున్నది. షెల్ఫు పైసలు 2,500 నా జీతంల పట్టిండ్రు. మా మట్టి ఆ పనికి పనికిరాదా?


మట్టిచేతులు (యానాం నుంచి, ఇప్పుడు పాండిచ్చేరి దగ్గర):

బాబూ, ముందు మీ నాన్నగారి మాట దగ్గర ఆగాలి. గిన్నెని ఎత్తి చూసి "అడుగు మందం, ఊరికే బరువు" అన్నారు చూడు, ఆ తీర్పు చెప్పడం నాకు రావడానికి రెండేళ్ళు పట్టింది. నేను పని నేర్చుకున్న చోట ప్రతి సాయంత్రం ఆ రోజు చేసిన గిన్నెల్ని తీగతో నిలువునా కోయించేవారు. గోడ ఎక్కడ పల్చబడింది, అడుగున మట్టి ఎంత మిగిలిపోయింది, అన్నీ బయటపడేవి. కోసిన ముక్కలు మళ్ళీ పిసికి ముద్ద చేసేవాళ్ళం. మీ నాన్నగారు కోయకుండానే చెప్పారు.

నాది యానాం. మా ఊరి పిల్లలు పెద్ద చదువుకి పాండిచ్చేరి వెళ్ళడం మామూలే కదా, నేనూ 1988లో అలాగే డిగ్రీకి వచ్చాను. ఒక స్నేహితురాలితో కుండల వర్క్‌షాపు చూడ్డానికి వెళ్ళి ఉండిపోయాను. ఇంట్లో మూడేళ్ళు మాటల్లేవు. "కుమ్మరిపని మనకెందుకే" అనేవారు నాన్న. మీ ఇంట్లో పుట్టుకతో వచ్చిన పని మా ఇంట్లో పరువు తక్కువయింది. అదే పని గ్యాలరీలోకి చేరగానే మా నాన్నే చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చారు. ఈ తేడా నీకు చెప్పాలి. మీ నాన్నగారు బస్సులో మాట్లాడకపోవడానికి కారణం ఇందులోనే ఉందనిపిస్తోంది.

ఇక నీ ప్రశ్న. మన దేశంలో స్టూడియో పాటరీ అనగానే ముందు చెప్పే పేరు గురుచరణ్ సింగ్. 1896లో పుట్టారు. చదివింది భూగర్భశాస్త్రం. ఢిల్లీలో ఇటుకల వ్యాపారంలో పనికి కుదిరితే అక్కడ అబ్దుల్లా అనే పఠాన్ కుమ్మరి కనిపించాడు, నీలి మెరుపు పాత్రలూ పలకలూ చేసే వంశం. గురుచరణ్ సింగ్‌కి ఆ నీలం మొదట తెలిసింది ఆయన దగ్గరే. ఆ తర్వాత 1919లో జపాన్ వెళ్ళారు. అక్కడ బెర్నార్డ్ లీచ్, హమాదా వంటి పేరున్న కుమ్మరులతో పరిచయమైంది. చేతిపనికీ కళకీ మధ్య గోడ అక్కర్లేదని గట్టిగా నమ్మిన బృందం అది. తిరిగొచ్చి చాలా ఏళ్ళు ఉద్యోగాలు చేసి, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ పెట్టారు. 1991లో పద్మశ్రీ వచ్చింది. మొదలు పెట్టినాయనకి మొదటి పాఠం చెప్పింది వంశపారంపర్యంగా వచ్చిన కుమ్మరి. ప్రజ్ఞాపూర్‌లో నువ్వు చెప్పలేకపోయిన జవాబు ఇక్కణ్ణించి మొదలుపెట్టు.

దక్షిణాదిలో 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ అనే ఇద్దరు అమెరికన్లు పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. ఆమె జపాన్‌లో పని నేర్చుకుని వచ్చింది. ఇవాళ దేశంలో పేరున్న స్టూడియో కుమ్మరుల్లో చాలామంది అక్కడ కొన్నాళ్ళయినా మట్టి పిసికినవాళ్ళే. రే మీకర్ చేసిన ఒక పని మీ నాన్నగారికి తప్పకుండా చెప్పు: పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, లోపలంతా ఇంకా పచ్చి ఇటుకలు, పాత్రలు పేర్చి, మొత్తం ఇంటినే ఆవంలా, అంటే కుండలు పేర్చి కాల్చే బట్టీలా, కాల్చేవారు. మంట ఆరాక లోపలి సరుకు బయటికి తీస్తే కాలిన ఇల్లు మిగిలేది. ఆవం పేర్చడం తెలిసిన మనిషికి ఇది వింటే ఒళ్ళు పులకరిస్తుంది.

కుమ్మరి ఇంటి పిల్లలు ఎవరైనా ఇటు వచ్చారా అన్నావు. బ్రహ్మదేవ్ రామ్ పండిట్ గారు వచ్చారు. బీహార్ నవాదా వైపు కుమ్మరి కుటుంబం వాళ్ళది. ముంబై దగ్గర భయందర్‌లో స్టూడియో పెట్టి, అధిక వేడి మీద కాల్చే పాత్రలు చేస్తారు. 2013లో పద్మశ్రీ. మణిపూర్ తోంగ్‌జావో ఊరి నీలమణి దేవి గారికి 2007లోనే వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్ళకి సారె, అంటే కుమ్మరి చక్రం, లేదు. మట్టిని ఒకచోట నిలబెట్టి వాళ్ళే దాని చుట్టూ తిరుగుతూ కుండ చేస్తారు. మీ హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి బరోడా వెళ్ళిన పి.ఆర్. దరోజ్ గారు సిరామిక్‌ని మనిషి ఎత్తు దాటిన ద్వారాల్లా, స్తంభాల్లా నిలబెట్టారు. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రియెన్నాలే అనే పెద్ద ప్రదర్శన జరిగింది, 2024లో ఢిల్లీలో రెండోది. జైపూర్ వెళ్ళి చూశాను. అక్కడ గిన్నెలూ జాడీలూ తక్కువ. గది నిండా పరిచిన మట్టి, గోడంతా పాకిన ముక్కలు, నడుస్తుంటే కాలికింద చప్పుడు. ఈ దేశంలో మట్టి ఇప్పుడు అక్కడిదాకా వెళ్ళింది.

ఇక తేడా. మీ మేడం గారి మాటలో తప్పు లేదు, సగమే ఉంది. మీ నాన్నగారి రంజన్ మెడ ఎంత ఉండాలో, పొట్ట ఎంత ఉండాలో ఆయన ఒక్కరే తేల్చలేదు. నీళ్ళు ముంచే చెయ్యి, మోసే నడుము, బోనం ఎత్తే తల, తాడెక్కే గీత కార్మికుడి మోకు, ఇవన్నీ కలిసి వందల ఏళ్ళలో తేల్చాయి. ఆయన్ని అడిగేవాళ్ళున్నారు. నేను చేసే జాడీని ఎవరూ అడగలేదు. అది ఎలా ఉండాలో, అసలు ఉండాలో వద్దో నేనే తేల్చుకోవాలి. అందుకే అడుగున నా పేరు గీస్తాను. దాని తప్పొప్పులు నావి. స్టూడియో అంటే నాకు తెలిసినంతలో ఇదే. గ్లేజ్ ఉందా, గ్యాస్ కిల్న్ ఉందా, ధర ఎంత అనేవి దీని తర్వాత.

ధర మాట కూడా చెప్పేస్తాను, మీ నాన్నగారు మోసమనుకోకూడదు. నా కిల్న్‌ని ఒకసారి 1,280కి తీసుకెళ్ళడానికి పదకొండు గంటలు, 19 కిలోల సిలిండర్లు రెండు. ప్రతిదీ రెండుసార్లు కాలాలి. ఐదింటిలో ఒకటి పగుల్తుంది, లేకపోతే గ్లేజ్ పాడవుతుంది. 1,800లో నా చేతికి మిగిలేది 500 దాటదు. గ్యాలరీలో అయితే సగం వాళ్ళకే. కానీ రంజన్ 200 అన్నావే, అది అన్యాయం. అందులో మట్టి తవ్వి తేవడం, తొక్కడం, చరచడం, కట్టెలు, మీ అమ్మ చెయ్యి అన్నీ ఉన్నాయి.

ఒక విషయం ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, ఇక్కడ దించుకుంటాను. 1994 వేసవిలో యానాం వెళ్ళినప్పుడు గోదావరి అవతల ఒక ఊళ్ళో కుమ్మరి తాతగారి దగ్గర నెలన్నర కూర్చున్నాను. చక్రం మీద నాకు బాగానే వచ్చు అనుకుంటున్న రోజులు. ఆయన సారె మీద మెడా భుజమూ మాత్రం లాగి, అడుగు లేకుండానే కోసి తీసేవారు. తర్వాత లోపల రాయి పట్టి, బయట చెక్కతో తడుతూ తడుతూ గోడని దింపి, అడుగు మూసేవారు. చూస్తుండగా మట్టి ముద్ద నిండుకుండ అయిపోయేది. గోడ అంతటా ఒకే మందం. నేను చేసిన పదకొండు పగిలాయి. పన్నెండోది నిలబడింది. ఆడపిల్లని సారె ముట్టనివ్వలేదు ఆయన, అది వాళ్ళ కట్టుబాటు. చెక్క మాత్రం చేతికిచ్చారు. "చెయ్యి వినాలమ్మా, చప్పుడు మారితే ఆపెయ్" అనేవారు. నా మొదటి ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్న పెద్ద జాడీల గుండ్రం ఆ నెలన్నర నేర్పిందే. పక్కన పెట్టిన కార్డు మీద నేను చదివిన చోటు పేరు వేశాను. ఆయన పేరు వేయలేదు. వేయాలని తోచనైనా లేదు. నాలుగేళ్ళ తర్వాత వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. కొడుకులు ఆటోలు నడుపుతున్నారన్నారు.

నువ్వు ఆ స్టూడియో మానకు. ఆవం కూడా మానకు.


పలక రాయి (గూడూరు, రిటైర్డ్ సిరామిక్ ఇంజినీరు):

అబ్బాయ్, నేను ఇన్సులేటర్లు చేసే ఫ్యాక్టరీలో 31 సంవత్సరాలు పని చేశాను. కళ సంగతి అమ్మగారు చెప్పారు. నీ కరిగిపోయిన గురిగి సంగతి నాకు వదిలెయ్.

చెరువు మట్టిలో ఇనుము బాగా ఉంటుంది, సున్నం, క్షారాలు కూడా ఉంటాయి. ఇవన్నీ మట్టిని తక్కువ వేడికే కరిగించే సరుకులు. అందుకే మీ ఆవంలో 800 డిగ్రీల అటూ ఇటూ వేడికి అది చక్కగా గట్టిపడుతుంది. 1,100 దాటితే ఉబ్బడం, వంగడం మొదలవుతుంది. 1,220కి పాకమే. స్టోన్‌వేర్ మట్టి వేరే సంసారం. చైనా క్లే, బాల్ క్లే, ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ కలుపుతారు. బాల్ క్లే మన ద్వారకా తిరుమల వైపు ఉంది, ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ మా నెల్లూరు మైకా గనుల పక్కనే దొరుకుతాయి. అది అంత వేడికి కరగదు, లోపల గాజులా అతుక్కుని నీరు పీల్చని పాత్ర అవుతుంది.

మీ నాన్నకి ఇంకో మాట చెప్పు. రంజన్‌లో నీళ్ళు చల్లబడేది సన్న రంధ్రాల్లోంచి నీరు ఊరి, ఆవిరైపోతూ వేడిని లాక్కుపోవడం వల్ల. స్టోన్‌వేర్ కూజాలో పోస్తే ఆ చల్లదనం రాదు. తక్కువ వేడికి కాల్చడం చేతకానితనం అనుకునేవాళ్ళు ఫ్యాక్టరీలో కూడా ఉండేవాళ్ళు. దాని పని దానిది.

ఇప్పుడు అసలు సంగతి. నల్లటి పాకం అన్నావు. మెరిసిందా? గాజులా ఉందా? ఉంటే నువ్వు 2,500 పెట్టి గ్లేజ్ కొన్నావు నాయనా. గ్లేజ్ అంటే కరిగి గాజయ్యే మట్టే. మీ చెరువు మట్టిని పాత్ర చేయకుండా స్టోన్‌వేర్ పాత్ర మీద పూతగా వెయ్యి.

ఇలా చెయ్. చెరువు మట్టి ఎండబెట్టి, దంచి, నీళ్ళలో నానేసి, 80 మెష్ జల్లెడ పట్టు. అమ్మ పొయ్యిలో కట్టెల బూడిద తీసుకుని అదీ జల్లించు. చేతికి గ్లౌజులు తప్పనిసరి, తడి బూడిద చర్మాన్ని తినేస్తుంది. మట్టి, కట్టె బూడిద కలిపి 90:10, 80:20, 70:30, 60:40, 50:50, ఒక్కో పాళ్ళు ఒక్కో స్టోన్‌వేర్ పలక మీద పూసి చూడు, మొత్తం ఐదు పలకలు. రెండో వరుసలో కట్టె బూడిదకి బదులు రైసుమిల్లు ఊక బూడిద, అవే పాళ్ళు. కట్టె బూడిదలో సున్నం ఎక్కువ, గ్లేజ్‌ని జారుగా చేస్తుంది. ఊక బూడిదంతా దాదాపు సిలికా, జారకుండా నిలబెడుతుంది. పలకల్ని నిలువుగా కాల్చు, ఎంత కారిందో తెలియాలి. ప్రతి పలక కింద మట్టి పళ్ళెం పెట్టు. ఇంకో షెల్ఫు డబ్బు కట్టొద్దు.

పలక వెనక నంబర్ గీకు. పుస్తకంలో రాసుకో. జ్ఞాపకం ఉంటుందిలే అనుకున్న పలక ఒక్కటీ నాకు జ్ఞాపకం లేదు.


ఆదివారం చక్రం (కూకట్‌పల్లి):

తమ్ముడూ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, రెండేళ్ళుగా శని ఆదివారాలు ఒక స్టూడియోలో నేర్చుకుంటున్నాను. మట్టిచేతులు గారు చెప్పిన చెక్కతో తట్టే పద్ధతి మాకెవరికీ రాదు, నేర్పేవాళ్ళూ దొరకలేదు. మీ నాన్నగారు నేర్పుతారా? మేం ఆరుగురం ఉన్నాం, ఐదుగురు ఆడవాళ్ళం. మనిషికి రోజుకు 1,500 చొప్పున ఇస్తాం, మీ ఊరికే వస్తాం.


సారె పోరడు:

అమ్మా, సార్, మీకు ఎట్ల మొక్కాల్నో తెలుస్తలేదు. బాపుకు మొత్తం చదివి వినిపిచ్చిన. అబ్దుల్లా కాడికి రాంగనే "మల్లొక్కసారి చదువు" అన్నడు. ఇల్లు కాల్చిన ముచ్చట నమ్మలే, ఫోటోలు చూపెట్టినంక చానసేపు చూసిండు. "గోడలు పడిపోకుంట పొగ ఎటు పోనిచ్చిండ్రు?" అని అడిగిండు.

ఆదివారం అక్కా, నేర్పుతందుకు బాపు సరే అన్నడు. పైసలు రోజుకు అందరిది కలిపి 1,500 అనుకున్నడు, మనిషికి అంటే ఒప్పుకోలే. చానసేపు చెప్పిన. ఒక చిక్కున్నది. మా ఇంట్ల గూడ సారె ఆడోళ్ళు ముట్టద్దు. మా అమ్మ ఇరవై ఆరేండ్ల సంది మట్టి తొక్కుతది, జల్లెడ పడ్తది, జాజు పూస్తది, అంగట్ల అమ్ముతది. సారె మీద చెయ్యి పెట్టలే. బాపును "గిట్ల ఎందుకు" అని అడిగితే "మా నాయిన కాంచి అంతే" అన్నడు. మిమ్ములను తిప్పి పంపుడు నాకు ఇష్టం లేదు. బాపును తక్కువ చేసుడు గూడ ఇష్టం లేదు.


మట్టిచేతులు:

ఆ కట్టుబాటు నాకు నచ్చదు. ఆ తాతగారి మీద ఎంత గౌరవమున్నా నచ్చదు. జ్యోత్స్నా భట్ గారు బరోడాలో ఎన్నో ఏళ్ళు సిరామిక్స్ బోధించారు. ఆవిడ చేసిన పిల్లుల్ని చూస్తే మట్టికి బద్ధకం కూడా నేర్పొచ్చనిపిస్తుంది. ఆవిడలాంటి వాళ్ళు కూర్చోకపోతే ఈ దేశంలో స్టూడియో పాటరీలో సగం ఉండేది కాదు. నాకు చక్రం దొరికింది స్టూడియోలోనే, ఊళ్ళో కాదు. ఇది కూడా ఆ రెండింటి తేడాల్లో ఒకటి, మీ మేడం గారు చెప్పకుండా వదిలేసింది.

అయినా మొదటి రోజే దాని మీద గొడవ పెట్టుకోకు. మీ నాన్నగారు సారె మీద భుజం దాకా లాగి ఇస్తారు, వాళ్ళు తట్టడం నేర్చుకుంటారు. వాళ్ళు వచ్చింది దానికే. ఒక్కటి మాత్రం అడుగుతాను. అయిరేని గీతలు వాళ్ళకి నేర్పాల్సింది మీ అమ్మగారు. ఆ పూట డబ్బు ఆవిడ చేతికే ఇవ్వాలి.


సారె పోరడు (రెండు నెలల తర్వాత):

పలకలు కాలినయి. కట్టె బూడిద వరుసల 70:30 దాటినయన్ని పళ్ళెంలకు కారినయి. ఊక బూడిద వరుసల 80:20 నిలబడ్డది. ముదురు చాయ రంగు, అంచుల కాడ బెల్లం రంగు వచ్చింది. సార్, అవును, గాజు లెక్కనే మెరిసింది. మేడం ఆ పలకను స్టూడియో గోడకు పెట్టింది. కింద మా చెరువు పేరు, బాపు పేరు రాయమన్నది. ఆమెనే అడిగింది, నేను చెప్పలే.

ఆదివారం అక్కవాళ్ళు రెండుసార్లు వచ్చిండ్రు. మొదటిసారి ఒక్కటి నిలబడలే, పగిలినప్పుడల్ల బాపు నవ్వకుంట "ఇంకొకటి" అన్నడు. రెండోసారి నాలుగు నిలబడ్డయి. అమ్మ గీతలు నేర్పింది. ముందుగాల సిగ్గుపడ్డది, మధ్యాహ్నానికల్ల ఒకామె చెయ్యి పట్టుకొని "గట్ల గాదు బిడ్డా" అంటున్నది. సారె కాడికి మటుకు ఎవ్వరం పోలే.

నేను స్టోన్‌వేర్ మట్టి పది కిలోలు ఇంటికి తెచ్చిన. బాపు పిసికి చూసి "బంక తక్కువున్నది, పండలే" అన్నడు. తడి గోనెసంచిల చుట్టి ఇరవై దినాలు పెట్టిండు. దాంతోని రంజన్ అంత గుండ్రం కుండ తట్టిండు, గోడ ఎంత పల్చగున్నదంటే రెండు వేళ్ళతోని లేపొచ్చు. లేపి చూసి, "దీంట్ల నీళ్ళు సల్లబడయి అన్నరు గద ఆ సారు. మరి ఇది ఎందుకు చేసినట్టు?" అన్నడు. నాకు మల్ల జవాబు రాలే. గని ఈసారి బాపుకు కోపం లేదు. కుండను అటు ఇటు తిప్పుకుంట కూసున్నడు.

ఇప్పుడు అసలు తిప్పలు. కుండ అడుగు గుండ్రం. ఆవంల అయితే ఒకదాని మీద ఒకటి పేరుస్తం. కిల్న్ షెల్ఫు మీద ఇది ఎట్ల నిలబడ్తది? 1,220 కాడ వంగిపోదా? అడుగు చదును చెయ్యమంటే బాపు ఒప్పుకుంటలేడు.


పలక రాయి:

చదును చేయొద్దు. పల్చటి గుండ్రం దానంతట అదే బలం. వంగేది కింద ఆన్చిన చోట.

అదే స్టోన్‌వేర్ మట్టితో కుదురు చెయ్. మీ ఇంట్లో కుండ కింద పెట్టే చుట్ట కుదురులాగే, కొంచెం వెడల్పుగా. పచ్చిగా ఉండగానే కుండ అడుగుకి సరిపెట్టి ఆరబెట్టు, రెండూ కలిపి మొదటిసారి కాల్చు, కలిపే రెండోసారి. మట్టి నూటికి పన్నెండు పాళ్ళ దాకా ముడుచుకుంటుంది. కుదురు కూడా దాంతోపాటే ముడుచుకోవాలి. ముందే కాల్చిన కుదురు పెడితే కుండ దాని మీద కదల్లేక చిరుగుతుంది. రెండూ తగిలే చోట అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే సమానంగా నీళ్ళలో కలిపి పూయి, లేకపోతే అతుక్కుపోతాయి. ఆ భాగంలో, దాని పైన రెండు వేళ్ళ మేర గ్లేజ్ వద్దు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, దిగేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. పెద్ద పాత్రలు పగిలేది అక్కడే. 500 నుంచి 650 దాకా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గంటకి 50 డిగ్రీలు మించనివ్వకు.


మట్టిచేతులు:

మీ నాన్నగారు అడిగిన ప్రశ్నకి నా దగ్గర కూడా జవాబు లేదు బాబూ. ముప్పై ఏళ్ళుగా కిల్న్ తలుపు తీసిన ప్రతిసారీ ఆ మాట నన్ను నేను అడుక్కుంటున్నాను. ఈసారి ఆయన కుండ తిప్పుకుంటూ కూర్చున్నారన్నావు, నేనూ చేసేది అదే.

గ్లేజ్ వేసే ముందు అడుగున ఏం గీస్తారో ఆయన్నే అడుగు. రాయడం రాకపోతే గుర్తు చాలు, మీ అమ్మ అయిరేని కుండ మీద గీసే గీతల్లో ఒకటైనా సరే, ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోనీ. కిల్న్ ఏ రోజు తెరుస్తావో ముందే చెప్పు. పాండిచ్చేరి నుంచి రావడానికి ఒక రాత్రి పడుతుంది, జేబీఎస్ దాకా నేను వచ్చేస్తాను.